కుట్టు పక్కన చిరుగు

పోయిన వారం అతుకుల మావయ్యని కారు కిందికి తోసి, చేతిలో తారు గీకే ఉలి పెట్టి, మన దారిన మనం వచ్చేశాం. పాపం, మనిషి ఇంకా అక్కడే వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లలో మట్టి, ముక్కులో మట్టి. అతని దగ్గరికి వెళ్లేలోపు, దారి మధ్యలో ఎక్కినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం.

మావయ్య వెల్డరు. అతుకుల మావయ్య అని పేరు పెట్టింది అతని మేనకోడలు, అంబులెన్సు నడిపే పిల్ల. ఆ కారు ఒకప్పుడు ఆమె తండ్రిది, అంటే మావయ్యకి బావది. రెండు తలుపుల ఎర్ర కారు, నేలను రాసుకుంటూ పోయే రకం. పిల్లకి ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, ఒక రేసులో మలుపు తిరుగుతుండగా వెనక ఇరుసు పక్కకి జారి, కారు గట్టు దిగి బండరాయిని కొట్టింది. బావ ప్రాణం దక్కింది, కుడికాలు మాత్రం మునుపటిలా దక్కలేదు. ఇరుసుని పట్టి ఉంచే ప్లేటుని ముందురోజు అతికినవాడు మావయ్యే. అతుకు ఊడిందన్నారు. ఆనాటి నుంచి అక్క తమ్ముడితో మాట్లాడలేదు. అతని పెళ్లికి కూడా రాలేదు. కారు షెడ్డులో టార్పాలిను కింద పడుంది. మావయ్య కార్ల జోలికి పోవడం మానేసి గేట్లు, కిటికీ ఊచలు చేసుకుంటున్నాడు. ఒక అతుకు చాలిన చోట రెండు వేస్తాడు. ఇల్లు కూలినా మావయ్య గేటు నిలబడే ఉంటుందని జనం నవ్వుతారు. ఎందుకలా వేస్తాడో తెలిస్తే నవ్వరు.

ఇప్పుడు పిల్ల ఆ టార్పాలిను లాగేసింది. పాత డొక్కు కార్లకని ఒక ఓపిక పోటీ పెట్టారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా కారు తిరుగుతూనే ఉండాలి, నడిపేవాళ్లు మాత్రం మారుతుండొచ్చు. కొత్త ఇంజన్లు, ఖరీదు హంగులు కూడవు. ఉన్నదాన్ని ఊడదీసి తేలిక చేసుకోవాలి, బోల్తా పడినా లోపలి మనిషి నలగకుండా ఇనుప గొట్టాలతో పంజరం అతికించుకోవాలి. పంజరం లేని కారుని గేటు దాటనివ్వరు. "అది నువ్వే అతకాలి మావయ్యా" అని పిల్ల పట్టుబట్టింది. తల్లికి మాత్రం ఎవరో కొత్త వెల్డరని చెప్పింది. అందుకే అక్క యూనిఫారాలు కుట్టే షాపుకి పోయాక మావయ్య వెనక సందులోంచి వస్తాడు, ఆమె తిరిగొచ్చేలోపు మళ్లీ సందులోంచే పోతాడు. తోడబుట్టిన దాని ఇంటికి దొంగలా వచ్చిపోవడం ఎలా ఉంటుందో అతన్నే అడగాలి.

పోటీ ఈ ఆదివారమే. ఇక కారు కిందికి పోదాం.

పంజరం సగం లేచింది. లోపల వెనక సీటు లేదు, తివాచీ లేదు, తలుపుల లోపలి రేకులు లేవు, పాటల పెట్టె లేదు. పిల్ల అన్నీ పీకి గోడవారన కుప్పపోసింది. ఇంజను విప్పి కడిగి బిగించింది. ఒక్క వెనక భాగం మాత్రం ఎవరూ ముట్టలేదు. "వెనక నేను చూసుకుంటాలే" అని బావ మొదటి రోజునుంచీ అంటూనే ఉన్నాడు, చూసుకున్నది లేదు. కాలు బాగాలేనివాడు కారు కింద దూరలేడు కదా అని మావయ్యే ఇవాళ దూరాడు. నిజానికి ఎవరో బలవంతాన తోసినట్టే దూరాడు. చూడటం భయం. చూడకుండా పంజరం కాళ్లు కారు వెనక అడుగు రేకుకి అతకడం ఇంకా భయం.

ఎండిన బురద పెచ్చులు పెచ్చులుగా ఊడి మొహం మీద పడుతోంది, అదీ ఆనాటిదే. దాని కింద తుప్పు పట్టకుండా పూసిన తారు. గుడ్డని కిరసనాయిల్లో ముంచి తుడిచాడు. ప్లేటు కనిపించింది. చిరిగి, విరిగిన తలుపులా వేలాడుతోంది. మావయ్య కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లుగా నిద్రలో ఎన్నోసార్లు చూసిన దృశ్యమే. అతుకు గీత నిలువునా పగిలి, మధ్యలో ఖాళీ. అది తన చేతి పని. కళ్లు తెరిచి టార్చిలైటు దగ్గరికి తెచ్చాడు.

అతుకు పగల్లేదు.

చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని, ఈ చివరనుంచి ఆ చివరికి అతుకు అలాగే ఉంది. నిన్న వేసినట్టే ఉంది. తన కుర్రతనం నాటి చెయ్యి, వణుకు తెలియని చెయ్యి. ఆ అతుకుని చూస్తే అతనికి ముందు గర్వం రాలేదు, ఏడుపొచ్చింది. ఎవరో దూరపు చుట్టం చచ్చిపోయాడనుకుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డట్టుంది.

మరి చిరిగిందెక్కడ? వేలు జరిపాడు. అతుకుకి పక్కన. ఇనుము ఒక చిల్లులోంచి ఇంకో చిల్లులోకి, అక్కడినుంచి ఇంకో దానిలోకి, దారి చూపించినట్టు చిరుగుతూ పోయింది. పెద్ద చిల్లు, మధ్య చిల్లు, చిన్న చిల్లు. పెద్దదాని అంచు అతుకు గీతని కొద్దిగా కొరికింది కూడా.

తను అతికిన ప్లేటుకి చిల్లులు లేవు. ఆ వరస ఎవరిదో మాత్రం పిల్లాడినడిగినా చెబుతాడు.

బావకి ఆ రోజుల్లో బరువు పిచ్చి ఉండేది. తులం బరువు తగ్గితే వెంట్రుకవాసి వేగం పెరుగుతుందని నమ్మకం. డ్రిల్లు చేతికి దొరికితే చాలు, బ్రేకు పెడలుకి చిల్లులు, తలుపు బందులకి చిల్లులు, అద్దం చట్రానికి చిల్లులు. షెడ్డులో అందరూ చిల్లుల దొర అనేవాళ్లు. "మీ ఇంట్లో జల్లెడ కొననక్కర్లేదు, గిన్నె ఒకటి దొర చేతికిస్తే చాలు" అని అక్కని ఆటపట్టించేవాళ్లు. తక్కినవాళ్లు పొడిస్తే అన్నీ ఒకే సైజు. బావకి అది నచ్చదు. పెద్దది, మధ్యది, చిన్నది, వరసగా దిగాలి. పనైనా అందంగా ఉండాలిరా అనేవాడు.

మావయ్య గ్రైండరు పెట్టి ఆ ముక్కని కోసేశాడు. అతుకుతో సహా, చిల్లులతో సహా. నిప్పురవ్వలు మెడమీద పడినా తెలియలేదు.

షెడ్డు ముందు భాగంలో బావ బెంచీ ముందు కూర్చుని కార్బురేటరు తుడుచుకుంటున్నాడు. కర్ర పక్కన ఆనించి ఉంది. పిల్ల సీటు కోసం పాత సామాన్ల కొట్టుకి పోయింది. "ఆ గ్రైండరు మోతేంట్రా, ఏం కోస్తున్నావ్?" అంటూ తలెత్తి, మావయ్య చేతిలో ఉన్నది చూసి ఆగిపోయాడు.

మావయ్య దాన్ని బెంచీ మీద పెట్టాడు.

"ఇదేంటి బావా?"

"వెనక నేను చూసుకుంటానన్నాను కదరా."

"అడిగినదానికి చెప్పు."

బావ గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న వేళ్లనే మళ్లీ తుడిచాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాడు మావయ్య. కానీ మోస్తున్నది దించేచోటు దొరికిన మనిషిలా బావ భుజాలు జారిపోయాయి.

"నువ్వు అతికేసి ఇంటికి పోయాక పొడిచాను. అంత మందపు ప్లేటు... చూస్తే చెయ్యి ఊరుకోలేదు. మూడంటే మూడే చిల్లులు. పొడిచి పైన తారు పులిమాను, పొద్దున నువ్వు చూస్తే తిడతావని."

"తిట్టేవాణ్ణి."

"తిడితే బాగుండేది."

రోడ్డు మీద ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అలవాటు కొద్దీ ఇద్దరూ అటు చెవి పెట్టారు. ప్లగ్గు తడిసింది అనుకున్నారు ఇద్దరూ, పైకి మాత్రం అనలేదు.

"నీకెప్పుడు తెలిసింది బావా, ఊడింది నా అతుకు కాదని?"

"ఇరుసు జారినప్పుడే." బావ గొంతు తగ్గింది. "స్టీరింగు చేతిలో ఉండగానే ఆ మూడు చిల్లులు కళ్ల ముందు కనబడ్డాయి. బండరాయి తర్వాత కనబడింది."

"అప్పుడే తెలిస్తే మరి..."

"ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి మీ అక్క పక్కన కూర్చుని ఉంది. 'వాడి అతుకే ఊడిందట కదా' అంది. చెబుదామనే నోరు తెరిచానురా. ఇంతలో నువ్వొచ్చావు. తలుపు దగ్గరే కూలబడి, 'నాదే తప్పక్కా, నా చెయ్యి విరగ్గొట్టు' అని ఏడ్చావు. నిన్నెవరూ ఏమీ అనకముందే! నా పాపం నువ్వు నెత్తికెత్తుకున్నావు. నేను కళ్లు మూసుకున్నాను. మందు మత్తు అనుకున్నారందరూ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. దొంగ తడుముకుంటే సరే. దొంగ కానివాడు తడుముకుంటే, వాడి భుజం మీద గుమ్మడికాయ లేదని చెప్పాల్సింది ఎవరు? అది ఒకే ఒక్కడికి తెలుసు, వాడు మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాడు. మావయ్యకి బావ మీద కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ దాన్ని తోసుకుని ఇంకోటి ముందుకొచ్చింది. ఆ రోజే ఒక్కసారి కారు కింద దూరి చూసి ఉంటే! చూసే ధైర్యం లేక నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే ధైర్యం అనుకున్నాడు ఇన్నేళ్లూ.

"నేనెప్పుడూ నిన్ను అనలేదు" అన్నాడు బావ, తనకే నమ్మకం లేని గొంతుతో.

"కాదని కూడా అనలేదు కదా బావా."

బావ సొరుగు లాగి, నూనెగుడ్డలో చుట్టిన రెండు ప్లేట్లు తీసి బెంచీ మీద పరిచాడు. కొత్త ఇనుము, అంచులు ఆకురాయితో నున్నగా రాకినవి, మందమైనవి. ఒక్క చిల్లు లేదు.

"పిల్ల టార్పాలిను తీసిన మర్నాడే చేసి పెట్టాను. నువ్వు లేనప్పుడు ఎవరిచేతన్నా మార్పిద్దామనుకున్నాను. నీ కంట పడకూడదని. ఆ రోజునుంచి డ్రిల్లు ముట్టలేదురా, ఒట్టు." కర్ర మీద చెయ్యి వేశాడు. "ఒక్కటే అడుగుతాను. మీ అక్కకి ఇప్పుడు తెలిస్తే నేను తయారు చేసిన కారులో పిల్లని కాలు కూడా పెట్టనివ్వదు. అది పగలూ రేయీ దీని మీదే పడుంది. ఆదివారం అయిపోనీ. నేనే చెబుతాను."

"ఇన్నేళ్లు చెప్పనివాడివి ఆదివారం సాయంత్రానికి చెబుతావా?"

"చెబుతాను."

మావయ్య కొత్త ప్లేటు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. బాగుంది. పాతదీ ఇలాగే ఉండేది, ఒక సాయంత్రం దాకా.

"నా అంతట నేను చెప్పను" అన్నాడు. "కానీ అక్క అడిగిందా, అబద్ధం ఆడను. అది మాత్రం నా వల్ల కాదు."

"అడగదులే. నీతో మాట్లాడితే కదా అడగడానికి" అని బావ అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆ మాట మావయ్యకి తగిలింది.

అప్పుడే గేటు చప్పుడైంది. పిల్ల అనుకున్నారు ఇద్దరూ. పిల్ల అయితే గేటుని తన్ని తీస్తుంది. ఇది మెల్లగా తీసి, మెల్లగా వేసిన చప్పుడు.

అక్క.

షాపులో కరెంటు పోయి, మిషన్లు ఆగి, అందర్నీ ఇళ్లకి పంపేశారు. మెడలో టేపు తీసెయ్యడం మరిచిపోయింది, భుజాన సంచీ ఉంది. షెడ్డు గుమ్మంలో నిలబడిపోయింది. మావయ్య ఆమెను ఇంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయింది! కణతల దగ్గర నెరిసింది. కళ్లజోడు వచ్చింది. ఒళ్లు తగ్గింది. మధ్యలో గడిచిన కాలమంతా ఒక్కసారి కనబడింది.

అక్క తమ్ముణ్ణి చూసింది, మొగుడివైపు తిరిగింది.

"కొత్త వెల్డరు అన్నారు."

బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"తండ్రీ కూతురూ కలిసి నాకు బాగా చెప్పారు కబుర్లు. పోటీ వద్దు మొర్రో అంటే వినలేదు, సరే అన్నాను. పంజరం గట్టిగా ఉంటుందమ్మా అంటే సరే అన్నాను. ఇతని చేతా అతికిస్తున్నారు?"

ఇతను. ఆ మాట మావయ్యకి గ్రైండరు రవ్వలకన్నా గట్టిగా తగిలింది. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు ఇతను అయిపోయాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. నా పిల్ల కూర్చునే బండికి ఇతని అతుకులా? ఒకసారి ఊడింది చాలలేదా?" బెంచీ దగ్గరికొచ్చింది. నూనెగుడ్డ పక్కన ఉన్న చిరిగిన ముక్కమీద కళ్లు పడ్డాయి. "ఇదేనా ఆ రోజుది?"

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది.

తిట్టడానికే తీసుకుంది. కానీ చేతికి వచ్చిన ఏ ముక్కనైనా తిప్పి చూడకుండా ఉండలేదు, అది ఆమె వృత్తి. కళ్లజోడు సర్దుకుని బొటనవేలు అతుకు గీత మీద పెట్టి, ఈ చివరనుంచి ఆ చివరికి నడిపింది, చొక్కా చంక దగ్గర కుట్టుని చూసినట్టు. వేలు ఎక్కడా తట్టుకోలేదు. మళ్లీ నడిపింది.

"కుట్టు ఊడలేదు" అంది నెమ్మదిగా.

"కుట్టు ఊడలేదు. గుడ్డ చిరిగింది." ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు. "షాపులో రోజూ ఎవడో ఒకడు కొట్లాటకొస్తాడు, జేబు కుట్టు ఊడింది, సరిగ్గా కుట్టలేదు అని. తీసి చూస్తే కుట్టు నిక్షేపంలా ఉంటుంది. పక్కన పేరు బిళ్ల పిన్ను గుచ్చి గుచ్చి, ఆ చిల్లుల వెంబడి గుడ్డ చిరిగిపోతుంది."

వేలు చిల్లుల దగ్గరికి వచ్చింది. పెద్దది. మధ్యది. చిన్నది. అక్కడ ఆగింది.

సంచీలో చెయ్యి పెట్టి కత్తెర తీసింది. పెళ్లయిన కొత్తల్లో, రోజంతా గుడ్డ కోసి మణికట్టు నొప్పి పుడుతోందని ఆమె అంటే, బరువు తగ్గిస్తానని బావ ముచ్చటపడి ఆ కత్తెర పిడికి చిల్లులు పొడిచిపెట్టాడు. పిడి వాడివాడి వెండిలా మెరుస్తోంది. ఇంకో కత్తెర ఆమె ముట్టదు. దాన్ని చిరిగిన ప్లేటు పక్కన ఆనించి పట్టుకుంది. ఇక్కడా పెద్దది, మధ్యది, చిన్నది.

బావ తల ఎత్తలేదు.

అప్పుడు అక్క తిరిగింది. మొగుడివైపు కాదు, తమ్ముడివైపు.

"నువ్వు అతికేటప్పుడు ఈ చిల్లులు ఉన్నాయా?"

ఇన్నేళ్లకి ఆమె అతనితో అన్న మొదటి మాట అది. ఎన్ని రకాలుగా ఊహించుకున్నాడో ఆ మొదటి మాటని! ఎలా ఉన్నావురా అంటుందనుకున్నాడు, లోపలికి రా అంటుందనుకున్నాడు. లేవు అని ఒక్క మాట అంటే చాలు, భుజాలమీది బరువంతా దిగిపోతుంది. అబద్ధం ఆడనని ఇప్పుడే కదా అన్నాడు. మావయ్య ఆమె చేతిలో కత్తెర చూశాడు. రేపటినుంచి ఆమె దాన్ని ఎలా పట్టుకుంటుంది? ఏ చేత్తో గుడ్డ కోస్తుంది? తను లేకుండా బతకడం ఆమెకి అలవాటైపోయింది. కుంటుకుంటూ ఈ ఇంట్లో తిరిగే మనిషి లేకుండా బతకడం అలవాటు లేదు.

"ఉన్నాయక్కా" అన్నాడు.

బావ చివ్వున తలెత్తాడు.

"చూసుకోకుండా అతికేశాను. తప్పు నాదే."

రెండోసారి. అదే తప్పు, అదే మనిషి, అదే అక్క ముందు. కానీ ఈసారి ఆమె ఏడవలేదు, వెళ్లిపొమ్మనలేదు. అతన్ని చూస్తూనే ప్లేటుని వెలుతురు వైపు తిప్పింది. సూదిలో దారం ఎక్కించేటప్పటిలా కళ్లు చిట్లించింది. గోరుతో పెద్ద చిల్లు అంచు తడిమింది.

"ఇదిగో, ఈ చిల్లు నీ అతుకుని కొరికింది" అంది. "ఇంకా వెయ్యని అతుకుని ఎలా కొరుకుతుందిరా?"

రా అంది. మావయ్యకి ఆ ఒక్క అక్షరం చాలు. బెంచీ పట్టుకుని నిలబడ్డాడు.

అక్క కత్తెరని ప్లేటు పక్కన పెట్టేసింది. పెట్టి, అరచెయ్యి చీరకి తుడుచుకుంది. అప్పుడు తిరిగింది మొగుడివైపు.

"వాడు అబద్ధం చెప్పాడు. ఎవరి కోసం చెప్పాడో తెలుస్తూనే ఉంది. ఇప్పుడు మీరు చెప్పండి."

గేటు ఎవరో తన్నినట్టు తెరుచుకుంది. "నాన్నా, సీటు దొరికింది! మావయ్యని రమ్మను, ఇద్దరం పట్టాలి!" అని పిల్ల కేక, సంతోషం పట్టలేని కేక.

బావ కర్ర కోసం వెతక్కుండానే లేచి నిలబడి, నోరు తెరిచాడు.